ఖాళీగా ఉన్న అక్షరం

సియెన్‌ఫ్వేగోస్‌లో, రేవు వెనక వీధిలో,
ఒడాలిస్ దుకాణం తలుపు సగమే తెరుచుకుంటుంది.
మిగతా సగానికి అడ్డంగా చచ్చిపోయిన ఫ్రిజ్,
దాని మీద కంప్యూటరు,
కంప్యూటరు మీద, కరెంటు పోతే ఉంటుందని, ఒక కొవ్వొత్తి.

ఎ, బి అని రెండు అక్షరాలున్నాయి ఆ యంత్రం దగ్గర.
ఎవరికీ ఇవ్వదు.
పల్చటి ఫ్లాపీల కోసం అట్టేపెట్టింది.
అవి రావడం మానేశాయని
దానికి ఎవరూ కబురు చెప్పలేదు.
సి దాని సొంతిల్లు.
డి సీడీల గూడు. మూత ఇరుక్కుపోయి నాలుగేళ్ళు,
అయినా చోటు వదలదు.
ఇక ఇ నుంచే పంపకం.
ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు అన్న లెక్క లేదు.
ఎవరొచ్చి గుచ్చుకున్నా చూసుకునేది
ఖాళీ ఎక్కడుందనే.
పాతవాళ్ళని గుర్తుపడుతుంది, నిజమే,
పాత చోటే ఇస్తుంది,
అందులో ఇంకొకరు కూర్చుని లేకపోతే.

సోమవారం పొద్దున హవానా బస్సులో
ఒనేలియో సంచిలో ఇటుకంత హార్డ్ డిస్కు దిగుతుంది.
వారానికి సరిపడా సీరియళ్ళు, బేస్‌బాల్ ఆటలు, పాటలు.
ఒడాలిస్ ఎప్పుడో నాలుగు వరసలు రాసిపెట్టుకుంది:
ఇ ని తుడువు. ఎఫ్‌లోది ఇ లో పొయ్యి.
ఇ అంటే తన డ్రైవే కదా, ఎప్పుడూ.
ఎంటర్ నొక్కి కాఫీ పెట్టుకోడానికి వెళ్తుంది.

ఆ సోమవారం తన డ్రైవు తన జేబులోనే ఉంది.
అంతకుముందే పావురాల ఎలెయుతేరియో వచ్చి
జాబితా అచ్చు వేయమన్నాడు.
పదకొండేళ్ళ పందేలు. కాలి కడియాల నంబర్లు,
కమగ్వేలో వదిలిన గంట, డాబా మీద వాలిన నిమిషం.
ప్రింటర్‌లో సిరా లేదు.
ఉండు, తెప్పిస్తాను, అంది.
అతను రొట్టెల క్యూలోకి వెళ్ళాడు,
పెన్‌డ్రైవు ఇ లో ఉండిపోయింది.

కాఫీ పొంగే లోపల
పావురాలన్నీ పోయి
ఒక టర్కీ సీరియల్ పన్నెండో భాగం దాకా వచ్చి కూర్చుంది.

యంత్రాన్ని తిట్టడానికి లేదు.
ఇ ని తుడవమన్నారు, తుడిచింది.

అతను తిట్టలేదు. రొట్టె చంకలో పెట్టుకుని
తెర వంక చూసి అన్నాడు:
"కమగ్వే నుంచి ఇక్కడికి ఎన్ని ఖాళీ గూళ్ళో.
నా పిట్ట ఒక్కదానిలోనూ దిగదు."
అది ఎవరిని అన్నాడో
ఒడాలిస్‌కి ఇప్పటికీ తెలీదు.

మూడు ఆదివారాలు ఆమె అతని డాబా ఎక్కింది.
ఒళ్ళంతా రెట్ట, ఈకలు.
అతను ఒక్కో పిట్టనీ తిరగేసి పట్టుకుంటే
కడియం మీది అంకెలు నోటుబుక్కులోకి ఎక్కించింది.
చచ్చిపోయినవాటి అంకెలు
అతను కళ్ళు మూసుకుని చెప్పాడు. నిమిషాలతో సహా.
ఆమె నమ్మినట్టు రాసుకుంది.
ఒక్క బూడిదరంగు దాని దగ్గర మాత్రం ఆగాడు.
"తుఫాను నాటిది. గుర్తులేదు. ఖాళీ ఉంచు."
ఉజ్జాయింపుగా వేద్దాం అంది.
వద్దన్నాడు.

తర్వాత ఆమె సెట్టింగుల లోపలికి పోయి
అతని డ్రైవుకి అక్షరం మార్చింది.
గుంపుకి దూరంగా, పి.
పలోమ అంటే వాళ్ళ భాషలో పావురం.
మనకు విడమరిచి చెప్పాల్సిన పని లేని అక్షరం.

ఇప్పుడు దుకాణంలో ఎంత రద్దీ ఉన్నా
పెళ్ళి ఫోటోలవాళ్ళు, వీసా కాగితాలవాళ్ళు,
ఇ లో, ఎఫ్‌లో, జి లో సర్దుకుంటారు.
పి దాకా ఎవరూ రారు.
ఎలెయుతేరియో ఒక్కోసారి రెండు నెలలు కనబడడు.

వచ్చిన రోజు,
డ్రైవు పెట్టి, కళ్ళజోడు తెచ్చుకోలేదు గనుక
తెర వైపు చూడకుండా
చెవి ఒగ్గి నిలబడతాడు.
చిన్న మోత.
"దిగింది," అంటాడు.